గాలి పోయే తోవ

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లో తిరిగే వీధికుక్కలను పట్టి, సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టర్లకు చేర్చాలి. పట్టిన ఆవరణలోనే మళ్లీ వదలకూడదు. హైదరాబాద్‌లో ఈ ఉత్తర్వు నేరుగా తగిలే పేటల్లో అఫ్జల్‌గంజ్ ముందు వరసలో ఉంటుంది. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దాని దగ్గరే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, కూతవేటు దూరంలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్. రోగుల వెంట వచ్చినవాళ్లు అన్నం పొట్లాలు విప్పుకునే చోటల్లా కుక్కలుంటాయి.

కుక్కలను తరలించాలా వద్దా అని దేశమంతా వాదించుకుంది. తరలించే బండి లోపల ఎలా ఉంటుందన్న సంగతికి ఆ వాదనలో చోటు దొరకలేదు. షెల్టరుకు పోయినా, ఆపరేషన్ అయ్యాక పాత వీధికే తిరిగొచ్చినా, కుక్క ముందు ఎక్కేది బండే. చలికాలం పొద్దున ఆ బండి తలుపు తీస్తే లోపలి రేకంతా చెమటలు పట్టి ఉంటుంది. నేల జారుతుంటుంది, కుక్కల వీపులు తడిసి ఉంటాయి.

ఇక్కడ మాట్లాడుకునేది ఇద్దరు. ఒకరు జంతు సంక్షేమ సంస్థలో పనిచేసే పశువైద్యురాలు. రెండోవారు ఆ సంస్థ ట్రాలీకి కొత్త బాడీ కట్టాల్సిన వెల్డింగ్ మేస్త్రి. చెమ్మ పోవాలన్నది ఇద్దరి మాటా. ఎలా పోవాలన్న దగ్గరే పేచీ.

మేస్త్రి: మేడం, మీ ట్రాలీ చూసిన. జాలి తుప్పు పట్టింది, కింది రేకు తినుకపోయింది. అతుకులు పెట్టి రంగేస్తే కొన్ని నెలలు ఆగుతది, అంతే. నా మాటినండి, జాలి మొత్తం పీకేద్దాం. చుట్టూ పఫ్ ప్యానెల్ కొడత. పాల బండ్లకు, ఐస్‌క్రీం బండ్లకు కొట్టేదే. గోడ మీద ఒక్క చుక్క కనబడితే నన్నడుగుండ్రి.

డాక్టర్: పాల బండి వేరు అన్నా. పాలు ఊపిరి తీయవు.

మేస్త్రి: ఊపిరికి అంత నీళ్లొస్తయా?

డాక్టర్: లెక్క చూద్దాం. పదిహేను కిలోల కుక్క నెమ్మదిగా పడుకుని ఉన్నా గంటకు సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతుంది. వలలో పట్టుకొచ్చిన కుక్క నెమ్మదిగా పడుకోదు. బెదిరిపోయి, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. అప్పుడు రెండింతలు, అంతకంటే ఎక్కువే. సరే, తక్కువ లెక్కే పట్టుకుందాం. ఎనిమిది కుక్కలకు గంటకు 240 గ్రాములు. నిమిషానికి నాలుగు. మీరు కట్టే పెట్టె ఎంతుంటుంది?

మేస్త్రి: ఏడడుగుల పొడువు, అయిదు వెడల్పు, ఆరు ఎత్తు.

డాక్టర్: దాదాపు ఆరు ఘనమీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 23 గ్రాముల ఆవిరినే పట్టగలదు. పెట్టె మొత్తానికి 138. పొద్దున తలుపు వేసేటప్పటికే అందులో అరవై శాతం నిండి ఉందనుకోండి. మిగిలింది 55 గ్రాముల చోటు. నిమిషానికి నాలుగు చొప్పున పద్నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. బస్టాండు దగ్గర ఎక్కించి ఫతుల్లాగూడలోని కుక్కల ఆపరేషన్ సెంటరుకు బయల్దేరితే మలక్‌పేట దాటకముందే గాలి నిండిపోతుంది. ఆ తర్వాత వదిలే ప్రతి గ్రామూ ఎక్కడో ఒకచోట నీళ్లు కావాల్సిందే.

మేస్త్రి: అది ఉత్త రేకుకు మేడం. చుక్క పట్టాలంటే దానికి చల్లటి జాగ దొరకాలె. రేకు బయటి చలిని లోపలికి తెస్తది గనుక దాని మీద పడ్తది. నా ప్యానెల్ నడుమ రెండించుల ఫోమ్ ఉంటది. లోపలి ముఖం లోపలి గాలి అంత వెచ్చగనే ఉంటది. చుక్క ఎక్కడ పడ్తది?

డాక్టర్: గోడ మీద పడదు, ఒప్పుకున్నాను. నా భయం కూడా అదే. గోడ పొడిగా ఉంటుంది, ఆవిరి మాత్రం గాలిలోనే ఉండిపోతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కొద్దిగా పడుతుంది, అది చాలదు. ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీలుంటుంది. పెరిగితే రొప్పి, నాలుక మీది తడిని ఆవిరి చేసి దించుకోవాలి. చుట్టూ గాలి నిండిపోతే ఆ తడి ఆరదు. ఎంత రొప్పినా చల్లబడదు. రొప్పే కష్టానికి ఇంకా వేడెక్కుతుంది. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. చుక్కలు కారే రేకు బండిలో కనీసం డ్రైవర్‌కు కంటికి కనబడుతుంది, లోపల ఏదో తేడాగా ఉందని. మీ ప్యానెల్ బండిలో అదీ తెలియదు.

మేస్త్రి: అయితే జాలే ఉంచుమంటరా? జాలి బండి వానల ఎట్లుంటదో నేను చూసిన. ఆసుపత్రి గేటు ముంగట ఆపిండ్రు. వాన అడ్డం కొడుతుంటే తాడిపత్రి కప్పి, నాలుగు దిక్కుల తాడు గుంజి కట్టిండ్రు. అరగంటకు విప్పితే తాడిపత్రి లోపలి దిక్కు కుక్కల వెంట్రుకలు అంటుకోని నీళ్లు కారుతున్నయి. పైన ఒక వాన, లోపల ఒక వాన. వాన లేకున్నా ఆ జాలిలకెళ్లి బస్సుల హారన్లు, జనం, కట్టె పట్టుకోని కొట్టే పిలగాండ్లు. కుక్క ఎట్ల కుదురుగ ఉంటది? మూసిన బండిల చీకటి ఉంటది, సప్పుడు తగ్గుతది. కుక్క పడుకుంటది. మీరే అంటిరి, పడుకున్న కుక్క తక్కువ ఆవిరి వదుల్తదని.

డాక్టర్: ఇది బలమైన మాటే. తాడిపత్రిని నేనూ వెనకేసుకురాను. పల్చటిది, వానకు చల్లబడుతుంది, గాలి పోవడానికి సందు ఉండదు. ఉన్నవాటిలో అదే అధ్వాన్నం. కొత్త బాడీ వానకు, జనం చూపుకు మూసి ఉండాలి, గాలికి తెరిచి ఉండాలి. మీరు మొదటి సగం దగ్గర ఆగిపోతున్నారు.

మేస్త్రి: గాలికి తెరిస్తే వానకాలం ఏమొస్తది లోపలికి? తడి గాలే గద! మూసీ పక్కన ఆషాఢం, శ్రావణంల గాలి పిండితే నీళ్లు కారుతయి. ఆ తడిని ఫ్యాన్ పెట్టి మరీ లోపలికి పిలుసుడెందుకు?

డాక్టర్: అందరూ ఇక్కడే పొరబడతారు. బయట 25 డిగ్రీలు, ఘనమీటరుకు 19 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. మన వానకాలానికి అది మామూలే. కుక్కలున్న పెట్టెలో 30 డిగ్రీలు, 25 గ్రాములకు పైనే ఉంటుంది. లోపలి ఘనమీటరు బయటికి పోయి బయటి ఘనమీటరు లోపలికి వస్తే ఆరు గ్రాములు తగ్గినట్టే. బయటి గాలి ఎంత తడిదైనా, దాని మీద ఎనిమిది కుక్కల ఊపిరి కలిసిన గాలి ఇంకా తడిది. ఏసీతో లోపలి గోడలను చల్లబరిస్తే తప్ప బయటి గాలి మనకు నష్టం చేయదు. చలికాలంలోనైతే ఇంకా లాభం. తెల్లవారుజామున 15 డిగ్రీల గాలిలో ఘనమీటరుకు పది గ్రాములుంటే ఎక్కువ. లోపల దానికి దాదాపు రెండింతలుంటుంది.

మేస్త్రి: చలికాలం అంటే యాదికొచ్చింది. మీకు లెక్కలెరుక గని రేకు సంగతి నాకెరుక. మొదలు కారేది పక్క గోడలు కాదు, టాపు. రాత్రంత ఆరుబయట నిలబడ్డ బండి టాపు రేకు చుట్టూ ఉన్న గాలి కంటె చల్లగయితది. మీరేమొ తెల్లారకముందే బండి తీస్తరు, కుక్కలు పడుకున్నప్పుడు పట్టాలె గనుక.

డాక్టర్: మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి దిగుతుంది. చెమ్మకు అది చాలు.

మేస్త్రి: ఆ. అయితే టాపుకు ఫోమ్ కొట్టినంక గూడ కారుతది, ఎందుకో చెప్తా ఇనండి. టాపు కింద అడ్డకమ్మీలుంటయి. చాలామంది కమ్మీల నడుమ జాగల ఫోమ్ ఒత్తి, కమ్మీని ఒట్టిగ వదిలేస్తరు. కమ్మీ రేకుకు అతుక్కోని ఉంటది గద, రేకు ఎంత చల్లగుంటె అదీ అంతే. చుక్కలన్ని ఆ కమ్మీ పొడువునా వరసగ నిలబడ్తయి. బండి గుంతల పడంగనే అన్ని ఒక్కపారి రాల్తయి. తడిసిన కుక్క వీపు చూడుండ్రి, అడ్డం గీత గీసినట్టు ఉంటది. పైన కమ్మీ ఎక్కడుందో కింద కుక్కను చూసి చెప్పొచ్చు.

డాక్టర్: అయితే కమ్మీని కూడా కప్పాలి.

మేస్త్రి: కమ్మీ మీదికెళ్లి కూడ పోవాలె. ఏసీ డక్టులకు అంటిస్తరు చూడండి నల్ల ఫోమ్, అది. దాని గుల్లలు మూసుకోని ఉంటయి, నీళ్లు పీల్చదు. రేకుకు సందు లేకుండ బంకతోని అంటించాలె. థర్మోకోల్ ముక్కలు పెడితే సందులుంటయి. ప్లైవుడ్ కొట్టి వెనక ఖాళీ ఇడిస్తే అంతకంటె పాడు. ఆవిరి మేకుల సందులకెళ్లి వెనకకు పోతది, అక్కడ రేకు మీద నీళ్లయితది. మనకు కనబడకుండ లోలోపల ముక్కిపోతది. ఒక బండి ప్లై ఇప్పితే అరిచేతి మందం బూజు ఉండె.

డాక్టర్: ఫోమ్ మీద అల్యూమినియం రేకు వేయండి. లేకపోతే కుక్క గోళ్లతో గీకుతుంది, పళ్లతో పీకుతుంది. అతుకుల్లో సిలికాన్ నింపాలి. ఆవిరి వచ్చేది లోపలి నుంచి, దాన్ని ఆపే పొర కూడా లోపలి వైపే ఉండాలి. టాపుకు, పక్కలకు ఇలా చేస్తే సరిపోతుంది. ఎండాకాలంలో టాపు వేడినీ ఆపుతుంది. ఇక్కడివరకూ మీ మాటే నా మాట. పఫ్ పెట్టె, గట్టి తలుపు, రబ్బరు బీడింగు మాత్రం వద్దు.

మేస్త్రి: మల్ల ఏసీ సంగతి? నేను ప్యానెల్ అన్నది ఒట్టిగ కాదు. ప్యానెల్ కొట్టి ఏసీ పెడతనంటున్న. చల్లటి సీసా మీద నీళ్లు పట్టినట్టు, గాలిల నీళ్లన్ని ఏసీ పైపుల మీద పట్టి, గొట్టంలకెళ్లి బయట కారిపోతయి. ఆవిరీ పాయె, వేడీ పాయె. మీ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతది. మే నెలల బయట 42 డిగ్రీలుంటే మీ ఫ్యాన్ 42 డిగ్రీల గాలే తెస్తది. అప్పుడు నేను చెప్పింది మంచిదా, మీరు చెప్పింది మంచిదా?

డాక్టర్: ఏసీ గాలిని పొడి చేస్తుంది, నిజమే. కానీ మనవాళ్ల పని చూడండి. గేటు దగ్గర బండి ఆపుతారు, ఇంజన్ ఆపుతారు, వలలు పట్టుకుని లోపలికి పోతారు. అప్పటికే బండిలో నాలుగు కుక్కలుంటాయి. ఇంజన్ ఆగితే ఏసీ ఆగుతుంది. అప్పుడు మీ మంచి ప్యానెల్, మీ మంచి బీడింగు కలిసి దాన్ని మూతపడిన పెట్టెను చేస్తాయి. మళ్లీ అదే లెక్క, కుక్కలు సగమే గనుక పద్నాలుగు నిమిషాలకు రెండింతలు. ఐదో కుక్క దొరకక అరగంట తిరిగితే? గేటు దగ్గర బండి చుట్టూ జనం చేరితే? ఏసీ పాడైన రోజు కూడా కుక్కలు బతికే బండి మొదట కట్టండి. ఆ మీదట ఏసీ పెడతానంటే పెట్టండి.

మేస్త్రి: మే నెల సంగతి చెప్పలే.

డాక్టర్: మే నెలలో గాలి పొడిగా ఉంటుంది, అందుకే కుక్క రొప్పడానికి ఫలితం ఉంటుంది. అయినా 42 డిగ్రీలు 42 డిగ్రీలే. ఆ నెలల్లో పొద్దున ఎండెక్కకముందే కుక్కలు సెంటర్ చేరాలి, మధ్యాహ్నం బండి కదలకూడదు. అది బాడీ కట్టి తీర్చే సమస్య కాదు.

మేస్త్రి: మీరు కదలొద్దంటరు. ఫోన్ రాంగనే డ్రైవర్‌ను ఎండల పంపేది మీ ఆఫీసే. నేను ఏసీ మాట ఇడువ.

ఇక్కడ నేనొక మాట కలపాలి. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. దాని కింద 1978లో వచ్చిన జంతు రవాణా నియమాల్లో కుక్కలకు, పిల్లులకు ఒక అధ్యాయం ఉంది. 2001 నాటి సంతాన నియంత్రణ నియమాల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం కుక్కలను పట్టి, ఆపరేషన్ చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా ఆ పని చేయించవచ్చు. బాధ్యత ఎవరిదో కాగితం మీద తేలింది. గాలికి రేకు ఎక్కడ కోయాలన్నది ఇలాంటి వెల్డింగ్ షెడ్డులోనే తేలాలి. ఆ కోతను బండి టెండరులో ఒక పంక్తిగానైనా రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. పొడవు, వెడల్పు, రంగు రాసే చోట గాలి మార్పిడి కూడా రాయవచ్చు.

మేస్త్రి: సరే, గాలికి తోవ ఎక్కడ ఇడువాలె? మామూలుగ వెనక తలుపుకు రెండు కిటికీలు పెడ్తం, పైన ఒకటి, కింద ఒకటి.

డాక్టర్: కింది కిటికీ ఎక్కడొస్తుంది? సైలెన్సర్ పక్కన.

మేస్త్రి: బండి పోతుంటే పొగ వెనకకే పోతది గద?

డాక్టర్: మట్టి రోడ్డు మీద వెనక తలుపు తీసి బండి నడిపారా ఎప్పుడైనా?

మేస్త్రి: దుమ్మంత లోపలికే గుంజుకుంటది. ఆ... సమజైంది. పొగ గూడ అట్లనే గుంజుకుంటది.

డాక్టర్: చదునైన వీపున్న బండి పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, పొగ సుళ్లు తిరిగి అక్కడే నిలుస్తుంది. అందుకని గాలి లోపలికి వచ్చే తోవ ముందు భాగంలో, రెండు పక్కలా, నేలకు జానెడు ఎత్తున ఉండాలి. పోయే తోవ వెనక వైపు టాపు మీద. వెచ్చటి తడి గాలి పైకే లేస్తుంది కాబట్టి ఫ్యాన్ ఆగినా కొంత దానంతటదే పోతుంది. ముందు వచ్చిన గాలి ప్రతి గూడునూ తాకి వెనకకు పోవాలి. గూళ్ల మధ్య అడ్డాలు రేకువి కాకుండా కమ్మీలవి పెట్టండి.

మేస్త్రి: పక్క తోవకు వాన కొట్టకుండ లూవర్ పెడత, రెక్కలు కిందికి వంచి. అది నా పని. టాపు మీద గాలికి తిరిగే గుండ్రటి వెంటిలేటర్ పెడ్తే కరెంటే వద్దు గద, గోదాముల మీద పెడ్తరు చూడండి.

డాక్టర్: అది బండి కదిలేటప్పుడు, గాలి వీచేటప్పుడు తిరుగుతుంది. మనకు కష్టం బండి ఆగినప్పుడే. ఫ్యాన్లు కావాలి. ఆవిరి లెక్కకైతే గంటకు నూరు ఘనమీటర్ల గాలి పోతే చాలు. కుక్కల ఒంటి వేడి కూడా పోవాలంటే 300, 350 కావాలి. పెట్టెలో ఉన్న గాలంతా నిమిషానికోసారి మారినట్టు. పన్నెండు వోల్టుల బ్రష్‌లెస్ ఫ్యాన్లు, 120 మిల్లీమీటర్లవి, మూడు పెట్టండి. జాలి, లూవర్ అడ్డం ఉంటాయి గనుక అట్ట మీద రాసిన గాలి మొత్తం రాదు. అందుకే మూడు. మూడూ కలిసి ఒకటిన్నర ఆంపియరు లాగుతాయి. రెండు గంటలు ఆగినా మూడు ఆంపియర్-అవర్లు. ట్రాలీ బ్యాటరీ నలభై దాకా ఉంటుంది కాబట్టి భయం లేదు.

మేస్త్రి: స్విచ్ డ్రైవర్ దగ్గర పెడత, స్టీరింగ్ పక్కన.

డాక్టర్: స్విచ్ వద్దు. బ్యాటరీ దిగుతుందని ఆపేస్తాడు, వేయడం మరిచిపోతాడు. అతన్ని తప్పుపట్టను, నాలుగింటికి లేచి వచ్చిన మనిషి.

మేస్త్రి: క్యాబిన్ తలుపు తీస్తే లైటు వెలుగుతది చూడండి, దాన్ని తిరగేస్త. వెనక తలుపు గడియ పడితే ఫ్యాన్ తిరగాలె, గడియ తీస్తే ఆగాలె. బ్యాటరీ మరీ దిగిపోతే కట్ అయ్యే డబ్బా ఒకటి వేస్త, బండి స్టార్ట్ గాకుంటె మల్ల నన్నే తిడ్తరు. ఫ్యాన్ ఆగితే డ్రైవర్ ముంగట ఎర్ర లైటు. సరేనా?

డాక్టర్: దానికి రెండు చేతులా దండం అన్నా. అయితే ఇంత చేసినా చెమ్మ పట్టే కారణం ఇంకొకటుంది. బండి కడిగే పద్ధతి. కుక్కలను దింపగానే పైపుతో కొట్టి కడుగుతారు. తలుపు వేసి తాళం పెడతారు, పొద్దున దాకా తీయరు. నేల మీద అర లీటరు నిలిచినా చాలు, అది ఎనిమిది కుక్కలు రెండు గంటలు వదిలే ఆవిరితో సమానం. కుక్క ఎక్కకముందే గాలి దాదాపు పూర్తిగా నిండి ఉంటుంది.

మేస్త్రి: నేలకు వాటం పెడత, వెనకకు ఇంచు దింపి మూలకు తూము. చెక్కర్డ్ ప్లేట్ వేస్తే జారదు గని, ఆ గడుల నడుమ నీళ్లు నిలుస్తయి. మీద రబ్బరు మ్యాట్ పరిస్తే దాని కిందనే నిలుస్తయి.

డాక్టర్: మ్యాట్ తీసి బయట ఆరేసేలా ఉండాలి. నేలను వైపర్‌తో లాగాలి, గుడ్డతో తుడవాలి, తలుపు తీసి ఆరబెట్టాలి. ఇంకో ప్రమాదం ఉంది. ఉచ్చ మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఉచ్చలోని అమ్మోనియా, బ్లీచింగ్ కలిస్తే ఊపిరితిత్తులను మండించే గ్యాస్ పుడుతుంది, కడిగే మనిషికీ కుక్కకూ. ముందు మామూలు నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచింగ్, మళ్లీ నీళ్లు, తర్వాత ఆరబెట్టడం. తడి ఉన్నచోట ఎలుక జ్వరం సూక్ష్మజీవి బతికి ఉంటుంది, అది మనుషులకూ వస్తుంది. కుక్కలకు వచ్చే దగ్గు ఒకదాని నుంచి ఇంకోదానికి ఇట్టే పాకేది ఇలాంటి మూసిన తడి గాలిలోనే. తిరుగు ప్రయాణంలో కుట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి. ఆపరేషన్ ఎంత శుభ్రంగా చేసినా, తడి నేల మీద పడుకోబెట్టి తీసుకెళ్తే ఆ కుట్టు చీము పడుతుంది. చీము పట్టిన కుక్కను చూసినవాళ్లు డాక్టర్‌ను తిడతారు. బండిని ఎవరూ చూడరు.

మేస్త్రి: మేడం, మనసుల మాట అడుగుత, తప్పనుకోవద్దు. అంబర్‌పేటల 2023ల నాలుగేండ్ల పిలగాన్ని కుక్కలు చంపినయి. మా గల్లీల పిలగాండ్లు బడికి పోవాలంటె కట్టె పట్టుకోని పోతరు. ఆసుపత్రిల రోగులకే పరుపు దొరకక కింద పండుకుంటున్నరు. కుక్కలకు మూడు ఫ్యాన్లు, అల్యూమినియం, సిలికాన్... ఈ పైసలకు న్యాయం ఉందా?

డాక్టర్: అడగాల్సిన మాటే. ఆ పిల్లవాడి తల్లిదండ్రుల ముందు కుక్కల సుఖం గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. కానీ అలాంటి చావు మళ్లీ జరగకుండా మన చేతిలో ఉన్న పని ఏది? కుక్కలన్నిటికీ టీకా, ఆపరేషన్. దానికి కుక్కలు మా చేతికి చిక్కాలి, బతికి సెంటర్ చేరాలి, కుట్టు మానాలి. బండిలో నరకం చూసిన కుక్క బండి చప్పుడు వింటేనే పారిపోతుంది. దాని టీకాకు మళ్లీ వల వేయలేం. వల వేస్తే కరుస్తుంది. కరిపించుకునేది రోజు కూలికి కుక్కలు పట్టే కుర్రాడు. నారాయణగూడలోని ప్రభుత్వ వైద్య సంస్థ ఐపీఎంలో కుక్కకాటు టీకా వరసలో అలాంటివాళ్లూ నిలబడతారు. ఫ్యాన్ల ఖర్చు ఆ కుర్రాడికీ, మీ గల్లీ పిల్లలకూ అనుకోండి. అయినా ఒకటి మాత్రం దాచను. ఆ కుక్కకే పెట్టినా నాకు న్యాయంగానే తోస్తుంది. దాన్ని పట్టి పెట్టెలో వేసింది మనం. అది ఎక్కుతానని అడగలేదు.

మేస్త్రి: అట్ల చెప్తే నేనేమంట. మీ ఆఫీసాయన ఇంకొక మాటన్నడు, సిలికా జెల్ సంచులు వేలాడదీస్తే చెమ్మ అదే గుంజుకుంటదట.

డాక్టర్: కిలో జెల్ మూడు నాలుగు వందల గ్రాములు పీలుస్తుంది. ఒక ట్రిప్పుకే నిండిపోతుంది. రోజూ పొయ్యి మీద పెట్టి ఆరబెట్టేదెవరు? పైగా కుక్క నోటికి అందితే సంచి చింపుతుంది. వద్దు.

మేస్త్రి: మంచిది. పనైనంక ఎట్ల చూసుకుందాం, సరిగ్గ అయ్యిందో లేదో?

డాక్టర్: కుక్కలను ఎక్కించకముందే చూద్దాం. తలుపు వేసి ఫ్యాన్లు తిప్పండి. కింది లూవర్ దగ్గర ఊదుబత్తి పట్టుకుని ఒకరు లోపల కూర్చోవాలి. పొగ ప్రతి గూడు మీదుగా పోయి టాపు ఫ్యాన్ చేరాలి. ఏ మూలనైనా నిలిచి తిరుగుతుంటే అక్కడ పడుకునే కుక్కకు గాలి లేనట్టు. ఆ మూలన కోయాలి. తర్వాత తెల్లవారుజామున మొదటి ట్రిప్పు దింపగానే టాపు కింద, కమ్మీ కింద చెయ్యి పెట్టి చూద్దాం. డ్రైవర్ దగ్గర తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంచుదాం. బయటి కంటే లోపల ఎంత ఎక్కువో రాసుకోమందాం.

మేస్త్రి: ఇగ గూళ్లు. ఆఫీసుల ఎనిమిది అన్నరు. నాలుగు కింద, నాలుగు మీద.

డాక్టర్: ఆరు చాలు.

మేస్త్రి: ఇంతసేపు ఎనిమిదికే లెక్కలు చెప్పిండ్రు గద?

డాక్టర్: ఎనిమిది కుక్కలు ఊరికే పడుకుంటాయని చెప్పిన లెక్క అది. అవి పడుకోవు. ఆరు రొప్పితే ఎనిమిది పడుకున్నదానికంటే ఎక్కువే ఆవిరి వస్తుంది. ఫ్యాన్ ఒకటి చెడిపోయిన రోజు కూడా బండి నిలబడాలంటే ఆరు దాటకూడదు. పై వరస గూళ్ల ఉచ్చ కింది కుక్క మీద పడకుండా మధ్యలో ట్రే కూడా పెట్టాలి. ఎనిమిదైతే దానికి చోటుండదు.

మేస్త్రి: ఆరంటె రోజుకు ఇంకొక ట్రిప్పు. డీజిలు, డ్రైవర్ బత్తా. ఆఫీసు ఒప్పుకోదు. ఆరు కట్టినా పక్కన జాగ కనబడ్డదా, రెండు బోన్లు తెచ్చి ఇరికిస్తరు. నేను కట్టిన బండ్లన్నిట్ల గట్లనే అయ్యింది.

డాక్టర్: ఆఫీసుతో నేను మాట్లాడతాను. జాగ కనబడకుండా కట్టగలరా?

మేస్త్రి: కడత. ఆ రెండు గూళ్ల జాగల రేకు పెట్టె వెల్డింగ్ చేస్త. వైపర్, బకెట్, వలలు, ఆరిన మ్యాట్లు అండ్లనే. తీసుడు కాదు. ఆరుకే కొలత రాసుకుంటున్న. ఏసీకి మాత్రం టాపు మీద బ్రాకెట్లు ఇప్పుడే పెట్టి ఉంచుత. మే నెలల మీరే అడుగుతరు.

డాక్టర్: బ్రాకెట్లు పెట్టండి. బీడింగు మాత్రం పెట్టొద్దు.